అత్తయ్య తరఫున నేను చెప్పిన జవాబు

మా అత్తయ్య ముప్పై ఏళ్లు రాయపూర్ రైల్వే క్వార్టర్లో కాపురం చేసి, హిందీలో పది మాటలు కూడా నేర్చుకోలేదు. ఆవిడకు అవసరం పడలేదు. ఎడమపక్క క్వార్టరు విజయనగరం వాళ్లది, కుడిపక్క పలాస వాళ్లది, వెనక వరసంతా బొబ్బిలి. సరుకులు మామగారు తెచ్చేవారు. ఆ కాలనీలో తిరిగీ తిరిగీ కూరలమ్మే మనిషి కూడా "వంకాయ, బెండకాయ" అని తెలుగులోనే అరిచేదట. నేను అలా కాదు. పెళ్లికి ముందే హిందీ పరీక్షలు వరసగా రాసి పాసైన మనిషిని. ఇక్కడికొచ్చాక ఓ చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నా హిందీ విని ఎవరైనా "మీరు మద్రాసీల్లా లేరే" అంటే, అది పొగడ్తో తిట్టో ఆలోచించకుండా వారం రోజులు మురిసిపోయేదాన్ని.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన నాలుగైదేళ్లకు మామగారు పోయారు. క్వార్టరు ఖాళీ చేసి అత్తయ్య మా దగ్గరికి వచ్చింది. అప్పుడు మేం రాయపూర్ శివార్లలోని బీర్‌గావ్‌లో ఉండేవాళ్లం. మావారికి ఉర్లాలో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టు డ్యూటీలు. పొద్దున ఆరేసిన తెల్లచొక్కా మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగే ఊరు అది. అత్తయ్యకు అంతకుముందే చలికాలంలో కాస్త ఆయాసం ఉండేది. ఆ గాలికి అది బాగా ముదిరింది. రెండు మాటలు మాట్లాడితే మూడోదానికి ఆగి ఊపిరి తీసుకునేది. దగ్గరగా కూర్చుంటే ఛాతీలోంచి పిల్లికూతలు వినబడేవి.

రాయపూర్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన గొట్టంలోకి ఊదించి చూసి, ఇన్‌హేలర్ రాశారు. ఒకే పంపులో రెండు మందులుంటాయి, ఒకటి బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని తెరుస్తుంది, రెండోది లోపలి వాపు తగ్గిస్తుంది, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, బాగున్నా మానకూడదు అన్నారు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. కాఫీ మరీ ఎక్కువైతే గుండె దడ రావచ్చు, రోజుకు రెండు కప్పులు దాటొద్దు. నొప్పుల మాత్రలు, బీపీ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. అన్నీ అయ్యాక కలం మూసి మరీ ఇంకో మాట చెప్పారు.

"పంటి డాక్టరైనా, కంటి డాక్టరైనా, ఎవరి దగ్గరికెళ్లినా ముందు దమా ఉందని చెప్పండి. ఈ పంపు చూపించండి. దీనికి పడని మందులు కొన్ని ఉన్నాయి."

దమా అంటే ఉబ్బసం. ఆయన మాట్లాడినంతసేపూ అత్తయ్య నా మొహంలోకే చూస్తూ కూర్చుంది, ఏం చెబుతున్నారా అని.

"రోజూ పీల్చాలంట, మానకూడదంట," అన్నాను.

నా అనువాదం అంతే. బస్సు టైమైపోతోంది, మర్నాటికి దిద్దాల్సిన పరీక్ష కాగితాలు సంచిలో ఉన్నాయి. పుక్కిలించే సంగతి చెప్పడం మర్చేపోయాను. రెండు నెలలకు ఆవిడ నాలుక మీద తెల్లటి పూత వచ్చి అన్నం మింగలేకపోయినప్పుడు గుర్తొచ్చింది. అప్పుడైనా నిజం ఒప్పుకున్నానా? "పుక్కిలించమన్నారు కదా అత్తయ్యా, మీరే మర్చిపోయారు," అన్నాను. ఆవిడ నిజంగానే మర్చిపోయానేమో అనుకుని తల గోక్కుంది.

తగ్గించి చెప్పడమే కాదు, కలిపి చెప్పడం కూడా త్వరలోనే అలవాటైంది. డాక్టరు రెండు కప్పుల కాఫీ అంటే నేను అసలు కాఫీయే వద్దన్నారని చెప్పాను. మూడు పూటలా కాఫీ కలపాలంటే నాకు విసుగు, అదీ అసలు సంగతి. పెరుగు తింటే కఫం చేరుతుందని మా అమ్మ నమ్మకం, దాన్ని తీసుకెళ్లి డాక్టరు నోట్లో పెట్టాను. అరటిపండు, ఆవకాయ, వాకిట్లో కూర్చుని గంటలకొద్దీ కబుర్లు, అన్నీ "డాక్టరు వద్దన్నారు" కిందికి చేరిపోయాయి. అత్తగారితో నోరు పారేసుకునే ధైర్యం లేని కోడలికి ఇంతకన్నా సులువైన దారి ఏముంటుంది? ఆవిడ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

బీర్‌గావ్ ఇంట్లో ఆవిడ దగ్గు గోడలు దాటి వినబడేది. కుళాయి దగ్గర ఆడవాళ్లు "మీ అత్తకు టీబీయా?" అని అడిగారు. కాదు, దమా అని చెప్పాను. రెండూ ఒకటే అన్నట్టు పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. నెల తిరక్కుండా ఇంటాయన, బంధువులొస్తున్నారు, ఇల్లు కావాలి అన్నాడు. ఏ బంధువులూ రాలేదని తర్వాత తెలిసింది. సామాన్లు బండికెక్కిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే గట్టిగా అనుకున్నాను, కొత్త ఇంట్లో ఈ జబ్బు పేరు ఎవరి చెవినా పడనివ్వనని.

కొత్త ఇల్లు రాయపూర్‌లోనే, మా బడికి నడిచి వెళ్లేంత దూరంలో దొరికింది. ముందు భాగంలో ఇంటావిడ, వెనక రెండు గదుల్లో మేం. ఆవిడది అభన్‌పూర్ వైపు పల్లె. అత్తయ్య ఈడుదే, భర్త లేడు, గొంతు మాత్రం వీధి చివరికి వినబడుతుంది. దిగిన రోజే "దీదీకి ఆ దగ్గేమిటి?" అని అడిగింది. దుమ్ము పడదు అన్నాను. ఆ పూట నుంచి ఇన్‌హేలర్ బియ్యప్పిండి డబ్బా వెనక్కి పోయింది. అత్తయ్యను బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పీల్చుకోమన్నాను. అరవై దాటిన మనిషి దొంగతనం చేస్తున్నట్టు తడి నేల మీద నిలబడి మందు పీల్చుకోవాలి.

"ఎందుకమ్మా ఇదంతా?" అని ఒకే ఒక్కసారి అడిగింది.

"తెలిస్తే ఈ ఇల్లూ పోతుంది అత్తయ్యా," అన్నాను. మళ్లీ అడగలేదు.

ఇంటావిడకూ అత్తయ్యకూ భాషతో పని లేకుండానే స్నేహం కుదిరింది. మధ్యాహ్నాలు ముందు వరండాలో చేటలు పట్టుకుని కూర్చునేవారు. ఆవిడ ఛత్తీస్‌గఢీలో ఏదో చెప్పేది, ఈవిడ "ఔనౌను, మాకూ అంతే" అని శ్రీకాకుళం తెలుగులో జవాబిచ్చేది. ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం వల్లే ఇంత సఖ్యంగా ఉన్నారని నేను మావారితో వెటకారం చేసేదాన్ని.

ఒక చలికాలం అత్తయ్య, బల్బు చుట్టూ రంగుల గుండ్రాలు కనబడుతున్నాయంది. గుమ్మాలకు భుజాలు తగిలించుకోవడం మొదలుపెట్టింది. ఇంటావిడ ఊరుకోలేదు. తన కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు బంగారంలాంటివాడని, తనే వెంటబెట్టుకుని మమ్మల్ని తీసుకెళ్లింది. గదిలోకి కూడా మాతోపాటే వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది.

డాక్టరు నిదానస్తుడు. కంట్లో ఒత్తిడి కొలిచి, వెలుగు వేసి చూసి, కాలా మోతియా అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి తినుకుంటూ వచ్చే జబ్బు అది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, రోజూ రెండు పూటలా చుక్కలు వేయాలి అని చెప్పి, చీటీ రాయబోతూ తలెత్తాడు.

"ఈమెకు ఆయాసం, దమా, గుండె జబ్బు ఏమైనా ఉన్నాయా?"

నాకు కుడివైపు అత్తయ్య, ఆమె పక్కన ఇంటావిడ. ఇంటావిడ ఆసక్తిగా నా వైపు చూస్తోంది. నాకు బీర్‌గావ్ కుళాయీ, సామాన్ల బండీ కళ్ల ముందు తిరిగాయి.

"లేదు డాక్టర్ సాబ్, అలాంటివేమీ లేవు," అన్నాను.

"ఇన్‌హేలర్‌లాంటిది ఎప్పుడైనా వాడారా?"

"లేదు."

నా హిందీ ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. ఆయన రాసిచ్చాడు. బయటికొచ్చాక ఇంటావిడ మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడింది. డాక్టరు గది తలుపు నాకు పది అడుగుల దూరంలో ఉంది. వెనక్కి వెళ్లి చెవిలో ఒక్క ముక్క చెప్పి రావచ్చు. పీల్చేది ఊపిరికి, ఇది కంటికి, దానికీ దీనికీ సంబంధం ఏముంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊపిరి డాక్టరు కలం మూసి చెప్పిన మాట గుర్తుకు రాలేదని చెప్పుకోవాలని ఉంది. గుర్తొచ్చింది.

చుక్కలు నేనే వేసేదాన్ని. ముందు బాత్రూంలో పంపు, తర్వాత మంచం మీద పడుకోబెట్టి కళ్లలో చుక్కలు, పొద్దునా సాయంత్రం, ఒక్కపూట తప్పకుండా. చుక్కలు వేయడం చూసి ఇంటావిడ, ఇలాంటి బహూ, అంటే ఇలాంటి కోడలు, అందరికీ దొరకదు అంది. నేను కూడా కాదనలేదు.

వారం దాటేసరికి అత్తయ్యకు ఆయాసం ఎక్కువైంది. పంపుతో ఇదివరకు పది నిమిషాల్లో తేలికపడే మనిషి, అరగంటయినా మంచం పట్టె పట్టుకునే కూర్చునేది. నేను కారణం వెతికాను. నాకు కావలసిన కారణం వెంటనే దొరికింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఆవిడ వరండాలో ఇంటావిడ పెట్టిన పెరుగు తింటోంది. లోపలికి పిలిచి తలుపేసి అడిగాను.

"పెరుగు తినొద్దని డాక్టరు చెప్పారని చెప్పానా లేదా?"

"ఒక్క గరిటేనమ్మా. నోరు సచ్చిపోయినట్టుంది."

"అందుకే ఈ ఆయాసం. మీ చేతులారా తెచ్చుకుంటున్నారు."

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. మావారు డ్యూటీకి వెళ్తూ ఓసారి డాక్టరుకు చూపించమన్నారు. పెరుగు మానిపించాను, అదే తగ్గుతుంది, బడిలో పిల్లల పరీక్షలయ్యాక తీసుకెళ్తాను అన్నాను.

ఆ శనివారం ఒంటిపూట బడి. నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుంది. ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. పలకరిస్తే తల ఆడించిందే కానీ మాట రాలేదు. డబ్బా వెనక నుంచి పంపు తీసి పీల్పించాను. రెండుసార్లు, మళ్లీ రెండుసార్లు. ఏమీ తేడా లేదు. నేను "అత్తయ్యా" అని అరిచిన అరుపుకు ఇంటావిడ పరిగెత్తుకొచ్చింది. నా చేతిలో పంపు చూసింది. దాచడానికి తీరిక లేదు. ఆవిడే రోడ్డు మీదికి పోయి ఆటో ఆపింది, ఆవిడే అత్తయ్యను ఒళ్లోకి ఆనించుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో మొహానికి మాస్కు పెట్టి పొగలాంటి మందు ఇస్తూ, కుర్ర డాక్టరొకాయన గబగబా అడిగాడు. దమా ఎన్నాళ్ల నుంచి? చెప్పాను. ఏ మందులు వాడతారు? పంపు చూపించాను. ఇంకేమైనా, బీపీ మాత్రలు, నొప్పుల మాత్రలు? ఏమీ లేవన్నాను. ఈసారి అబద్ధమాడలేదు, చుక్కల సంగతి నిజంగా తట్టలేదు. అత్తయ్య చెయ్యెత్తి మాస్కు పైన కంటి కింది రెప్పను వేలితో కిందికి లాగింది. కళ్లు మండుతున్నాయేమో అనుకుని చెయ్యి దించేశాను. ఆవిడ మళ్లీ లాగింది. నేను మళ్లీ దించాను.

"చుక్కలు!" అంది ఇంటావిడ. "కళ్లలో చుక్కలు వేస్తోంది కదా, అవి చెబుతోంది!"

చీటీ నా చేతిసంచిలోనే ఉంది. డాక్టరు దాన్ని చదివి వెంటనే చుక్కలు ఆపమన్నాడు. ఈ మందు కంట్లో వేసినా ముక్కు వెనక నుంచి దిగి రక్తంలో కలుస్తుందట. పంపులో మందు ఏ గొట్టాల్ని తెరవాలని చూస్తుందో, ఇది వాటినే బిగిస్తుందట. దమా ఉన్నవాళ్లకు దీన్ని ఇవ్వనే ఇవ్వరట. "అందుకే మీ పంపు పనిచేయలేదు," అన్నాడు. "కంటి డాక్టరుకు దమా సంగతి చెప్పలేదా? ఆయన అడగలేదా?"

నేను చేతిలోని పంపుకు మూత పెట్టడంలో పడ్డాను.

"అడిగాడు," అంది ఇంటావిడ. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు, అయోమయం మాత్రమే ఉంది. "నేను అక్కడే కూర్చున్నా. రెండుసార్లు అడిగాడు. ఈమే లేదంది."

డాక్టరు నా వైపు ఒకసారి చూసి, మాస్కు సరిచేయడానికి అత్తయ్య వైపు తిరిగాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఇంటావిడ నన్ను పక్కకు లాగి, ఎందుకలా అన్నావు బహూ అని అడిగింది. మీకు తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారని అన్నాను.

"మా తమ్ముడికి ఇరవై ఏళ్లుగా దమా. అభన్‌పూర్ బజార్లో నలుగురి మధ్య నిలబడి జేబులోంచి పంపు తీసి పీల్చుకుంటాడు. నన్ను ఒక్కమాట అడగాల్సింది."

ఇవి ఆవిడ హిందీలో అన్న మాటలు. ఈసారి ఏమీ తగ్గించలేదు, ఏమీ కలపలేదు, నా అనువాదాన్ని నమ్మండి. ఆ ఇంటి కోసం నేను ఒక ప్రాణాన్ని అడ్డం పెట్టాను. తీరా చూస్తే ఆ ఇంటికి ఏ ప్రమాదమూ లేదు.

సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. మూడో రోజు మా పాత ఊపిరి డాక్టరు వార్డుకు వచ్చారు. మనిషి బాగా నీరసించింది, మెత్తగా ఉడికించి దహీ కలిపి అన్నం పెట్టండి అని నాతో చెప్పి వెళ్లారు. నేను తలూపి, ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాను. ఏం చెప్పారని అత్తయ్య అడుగుతుందని చూశాను. అడగలేదు. కాసేపటికి తనే అంది.

"పెరుగన్నం పెట్టమన్నాడు కదా."

నేను తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాను.

"దహీ అంటే తెల్దనుకున్నావేటి? దమా అన్నా తెలుసు. ఆ కంటి డాక్టరడిగిందీ తెలుసు, నువ్వు లేదన్నదీ తెలుసు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ఉన్నాను, నోరు తిరగదు గానీ సెవులున్నాయి కదమ్మా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ఇంటావిడ ముందు నా కోడలు అబద్దమాడతందని నానెలా సెప్తాను?" ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "సదువుకున్నదానివి. తెలిసే అన్నావనుకున్నాను."

మంచం పక్కన కింద కూర్చుని ఏడ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. ఊరుకోమంది. ఆ చెయ్యి నాకు దెబ్బకంటే ఎక్కువైంది. పెరుగు, కాఫీ, అరటిపండు, పుక్కిలింత, అన్నీ ఒక్కొక్కటిగా ఒప్పుకున్నాను. విని, "పోన్లే" అంది. కాఫీ దగ్గర మాత్రం "అదీ నువ్వేనా!" అని నవ్వబోయి దగ్గింది.

కంటి డాక్టరు చుక్కలు మార్చాడు. చూపు ఇంకా పోకుండా నిలిచింది. పంపు వరండా కిటికీలోకి వచ్చింది, ఇంటావిడ ఎదురుగానే పీల్చుకుని, అక్కడే తొట్టి దగ్గర పుక్కిలించేది. మావారికి జరిగింది నేనే చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అత్తయ్యే ఆయన్ను కోప్పడి మాట్లాడించింది.

అంతా చక్కబడిందనే అనుకున్నాను. నెల తర్వాత డాక్టరు రమ్మన్న రోజు బడికి సెలవు పెట్టి, చీర మార్చుకుని తయారయ్యాను. అత్తయ్య అప్పటికే చీటీలు సంచిలో పెట్టుకుని వరండాలో ఉంది.

"నువ్వొద్దులే అమ్మా. నీకు బడి ఉంటాది. ఇంటావిడొస్తాది."

"సెలవు పెట్టాను అత్తయ్యా."

"అయితే పడుకో కాసేపు. అలిసిపోతన్నావు."

ఆ తర్వాత ఆవిడ పదకొండేళ్లు బతికింది. నా చేతి అన్నమే తింది, తర్వాత పుట్టిన నా పిల్లల్ని పెంచింది, తన కష్టసుఖాలన్నీ నాతోనే చెప్పుకుంది. ఒక్క పొల్లుమాట అనలేదు. డాక్టరు దగ్గరికి మాత్రం మరి నన్ను తీసుకెళ్లలేదు. తన పది హిందీ మాటలూ, చేతి సైగలూ, ఇంటావిడ పెద్ద గొంతూ, వాటితోనే వెళ్లొచ్చేది.

ఒక వానాకాలం ఆవిడకు జ్వరమొచ్చింది. ఇంటావిడ పెళ్లికని అభన్‌పూర్ వెళ్లింది. మావారిని వెంటబెట్టుకు వెళ్దామంటే ఆయనకు జనరల్ షిఫ్టు, చీకటి పడితేగానీ రారు. నేను తీసుకెళ్తాను, అన్నీ ఉన్నదున్నట్టు చెబుతాను అని చెయ్యి పట్టుకుని బతిమాలాను. "ఆవిడ రానీ," అంది. రెండో రోజూ అదే మాట. నేను తడిగుడ్డ మారుస్తూ పక్కన కూర్చున్నాను. ఏ మొహం పెట్టుకుని బలవంతం చేస్తాను?

మూడో రోజు మధ్యాహ్నం, జ్వరం సంగతి తెలిసి ఇంటావిడ దిగింది. సంచి కింద పెట్టకుండానే ఆటోను ఆపి ఉంచి లోపలికొచ్చింది. అత్తయ్య లేచి కూర్చుని, చెప్పుల కోసం మంచం కింద కాళ్లతో వెతుక్కుంటోంది. నేను వంగి చెప్పులు తీసి ఆవిడ పాదాల ముందు పెట్టాను.

"డాక్టరుకు ఏమేం చెప్పాలి బహూ?" అని ఇంటావిడ నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "నాను సెప్తాన్లే," అంది, తెలుగులోనే. ఇంటావిడకు అర్థమైంది. ఇద్దరూ వెళ్లి ఆటో ఎక్కారు.